ఎఫ్‌టీపీ అకౌంట్లు: సైటులోకి ఎవరు రావాలి, ఎంతవరకు రావాలి

అద్దె సర్వర్‌లో ఉన్న వెబ్‌సైటుకు కొత్త ఫైళ్లు ఎక్కించాలన్నా, ఉన్నవి దించుకోవాలన్నా, పాతవి తీసేయాలన్నా సర్వర్ ముందు వచ్చినవాళ్లెవరో అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబుగా ఇచ్చే పేరు, పాస్‌వర్డ్, వాటి వెనక ఉండే అనుమతులు అన్నీ కలిపితే ఎఫ్‌టీపీ అకౌంట్. ఎఫ్‌టీపీ అంటే ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. అకౌంట్ ఎవరికివ్వాలి, ఏ ఫోల్డర్ దాకా పోనివ్వాలి, ఎంత చోటు వాడుకోనివ్వాలి, ఏ రోజున మూసేయాలి అన్నవి చూసుకోవడమే దాని నిర్వహణ. సైటు డిజైన్ మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా దీనిమీద పెట్టరు. సైటు ఒకరోజు పాడైపోయి, ఎవరు పాడుచేశారో తెలియనప్పుడు మాత్రం అందరూ ముందు వెతికేది ఈ జాబితానే.

మన ప్రాంతాన్నే తీసుకుందాం. అంగళ్లు కురబలకోట మండలంలోని ఊరు, మదనపల్లె నుంచి కదిరి పోయే దారిలో ఉంది. 1998లో మొదలైన మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ ఇక్కడే ఉంది. మదనపల్లెలో 1915 నాటి బీసెంట్ థియొసాఫికల్ కళాశాల, కుప్పంలో 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం, చుట్టుపక్కల ఇంజనీరింగ్, డిగ్రీ, నర్సింగ్ కళాశాలలు, ఆసుపత్రులు, పాఠశాలలు ఉన్నాయి. ఇలాంటి చదువుల ప్రాంతంలో వెబ్‌సైటు ఒకసారి కట్టి వదిలేసేది కాదు. ఏఐసీటీఈ ఆమోదం ఉన్న ప్రతి కళాశాలా తప్పనిసరి వెల్లడి వివరాలను తన సైటులో ఉంచాలి. న్యాక్ గుర్తింపు పొందిన సంస్థలు ఏటా ఇచ్చే నాణ్యతా నివేదికలను, వాటి ఆధార పత్రాలను సైటులో పెట్టి లింకులివ్వాలి. వీటికి పరీక్షల షెడ్యూళ్లు, సిలబస్‌లు, ప్లేస్‌మెంట్ వివరాలు, టెండర్ నోటీసులు తోడవుతాయి. పరీక్షల విభాగం, ప్లేస్‌మెంట్ విభాగం, లైబ్రరీ, ఆఫీసు, బయటి డిజైనర్ అందరికీ సైటులో ఏదో ఒక మూల పని ఉంటుంది.

ఇంతమందికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చేయడం సులువు. చాలాచోట్ల జరిగేదీ అదే. ఒక కాగితం మీద రాసో, వాట్సాప్ గ్రూపులో పెట్టో పని కానిచ్చేస్తారు. దీనికి మూలం సోమరితనం అనుకోవడం సరికాదు. చిన్న పట్టణాల్లో కంప్యూటర్ మొదట పదిమందీ వాడుకునే వస్తువుగానే వచ్చింది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో మొదలుపెట్టిన ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు కూడా జనం కలిసి వాడుకునే సమాచార కేంద్రాల చుట్టూ అల్లుకున్నదే. యంత్రాన్ని పంచుకున్న అలవాటు మెల్లగా పాస్‌వర్డ్‌కూ పాకింది. యంత్రాన్ని పంచుకుంటే పొదుపు. పాస్‌వర్డ్‌ను పంచుకుంటే ఏ పని ఎవరు చేశారో చెప్పే ఆధారం పోతుంది.

ఎఫ్‌టీపీ ఎక్కడిది?

ఈ ప్రోటోకాల్‌కు తొలి రూపం ఇచ్చినవాడు భారతీయుడే. అలహాబాద్‌లో పుట్టిన అభయ్ భూషణ్ కాన్పూర్ ఐఐటీ మొదటి బ్యాచ్ విద్యార్థి, 1965లో పట్టా పుచ్చుకున్నారు. అమెరికాలో ఎంఐటీలో ఉండగా 1971 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 114 అనే పత్రం రాశారు. ఒక కంప్యూటర్‌లోని ఫైళ్లను వేరే రకం కంప్యూటర్ నుంచి వాడుకోవడం ఎలాగో అందులో వివరించారు. వెబ్ పుట్టడానికి ఇంకా ఇరవై ఏళ్లు ఉందప్పటికి. నేటికీ ప్రమాణంగా చెప్పుకొనే ఆర్ఎఫ్‌సీ 959ని జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ 1985 అక్టోబర్‌లో వెలువరించారు. కనెక్షన్ కలిశాక యూజర్ అనే ఆదేశంతో పేరు, పాస్ అనే ఆదేశంతో పాస్‌వర్డ్ పంపడం, ఆదేశాలకు 21వ నంబర్ పోర్టు, ఫైళ్లకు విడిగా ఇంకో కనెక్షన్, ఇవన్నీ ఆ కాలపు ఏర్పాట్లే.

ఆ రోజుల్లో పాస్‌వర్డ్‌ను ఎవరైనా దారిలో కాజేస్తారన్న భయం పెద్దగా లేదు. నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు విశ్వవిద్యాలయాలవాళ్లు, పరిశోధకులు. పైగా అనానిమస్ అనే పేరుతో లాగిన్ అయి, పాస్‌వర్డ్ చోట మర్యాదకు తమ ఈమెయిల్ రాసి ఎవరైనా ఫైళ్లు దించుకునే పద్ధతి ఉండేది. తెలుగుకు కూడా ఆ ఉదారత మేలు చేసింది. టెక్ అనే అచ్చుకూర్పు వ్యవస్థకు ఎఫ్‌టీపీ భాండాగారంగా 1990ల తొలినాళ్లలో మొదలైన సీటాన్‌లో తెలుగు అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్ కూడా చేరింది. మన దేశంలో వీఎస్‌ఎన్‌ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. అప్పటి అక్షరాల తెర మీద ఫైలు తెచ్చుకోవడమంటే ఎఫ్‌టీపీ ఆదేశాలు టైపు చేయడమే.

తలుపు తెరిచి పెట్టే ఆ పద్ధతి తర్వాతి కాలంలో బెడిసికొట్టింది. 2015లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూసినప్పుడు అనానిమస్ లాగిన్ అనుమతించే సర్వర్లు 10 లక్షలకు పైగా కనిపించాయి. ఆ అధ్యయనాన్ని ప్రస్తావిస్తూ 2017 మార్చిలో అమెరికా ఎఫ్‌బీఐ ఆసుపత్రులను, దంతవైద్యశాలలను హెచ్చరించింది. రోగుల వివరాల కోసం దొంగలు ఇలాంటి సర్వర్లనే వెతుకుతున్నారని చెప్పింది. ఒక విశ్వవిద్యాలయమో, సాఫ్ట్‌వేర్ పంచే సంస్థో కాకపోతే, అనానిమస్ ఎఫ్‌టీపీ తెరిచి ఉంచాల్సిన అవసరం నేడు ఎవరికీ లేదు.

అకౌంట్ తెరిచేటప్పుడు

మన ప్రాంతపు సైట్లలో ఎక్కువ భాగం షేర్డ్ హోస్టింగ్‌లో ఉంటాయి. ఒక పెద్ద సర్వర్‌ను అనేక సైట్లు పంచుకుంటాయి, ఒక్కో సైటు యజమానికి ఒక కంట్రోల్ ప్యానెల్ ఇస్తారు. 1996లో మొదలైన సీప్యానెల్ వీటిలో బాగా తెలిసినది. ప్లెస్క్, డైరెక్ట్ అడ్మిన్ లాంటివీ ఉన్నాయి. సీప్యానెల్‌లో ఎఫ్‌టీపీ అకౌంట్స్ అనే పేజీ తెరిస్తే అడిగేవి నాలుగే: లాగిన్ పేరు, పాస్‌వర్డ్, డైరెక్టరీ, కోటా. మొదటి రెండింటి మీద అందరూ శ్రద్ధ పెడతారు. తేడా అంతా చివరి రెండింటిలో ఉంది.

డైరెక్టరీ అంటే ఆ అకౌంట్‌కు కనిపించే లోకం. పరీక్షల విభాగానికి ఎగ్జామ్స్ అనే ఫోల్డర్ రాసిస్తే, ఆ లాగిన్‌తో వచ్చినవాళ్లకు అదే మొదలు, అదే చివర. పైకి పోవడానికి దారి ఉండదు. మదనపల్లె టమాటా మార్కెట్ యార్డు గేటు దాటి రైతులందరూ లోపలికి వస్తారు, సరుకు మాత్రం ఎవరి మండీలో వాళ్లే దించుతారు, ఎఫ్‌టీపీ ఫోల్డర్ కూడా అంతే. డైరెక్టరీ పెట్టెలో ఏమీ రాయకుండా ఖాళీగా వదిలినా, ఒట్టి గీత మాత్రమే మిగిల్చినా ఆ అకౌంట్‌కు మొత్తం హోమ్ ఫోల్డర్, అంటే మెయిల్ పెట్టెలూ బ్యాకప్‌లతో సహా, చేతికి వస్తుంది. మార్చకుండా ప్యానెల్ చూపినదాన్నే ఒప్పుకుంటే చాలా సర్వర్లలో వెబ్‌లో కనిపించే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్ లోపల ఆ పేరుతో కొత్త ఫోల్డర్ పుడుతుంది. అప్పుడు ఎక్కించిన ప్రతిదీ వెబ్‌లో లోకానికంతటికీ తెరుచుకుంటుంది. ఆఫీసు లోపలి లెక్కల ఫైలు దాంట్లో పడితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

కోటా సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పుంగనూరు పొట్టి ఆవుల పెంపకందారు ఎవరైనా సైటు పెట్టి, వీడియోలు ఎక్కించే పని ఒక కుర్రవాడికి అప్పగించారనుకుందాం. ఫోన్‌లో తీసిన వీడియోలు కుదించకుండా ఎక్కిస్తే కొన్ని వారాల్లో హోస్టింగ్ చోటు నిండిపోతుంది. షేర్డ్ హోస్టింగ్‌లో సైటు, మెయిల్ రెండూ ఒకే చోటులోంచి వాడుకుంటాయి కాబట్టి నిండిన మరుక్షణం ఈమెయిళ్లు రావడం కూడా ఆగిపోతుంది. కొనుగోలుదారు పంపిన ఆర్డర్ తిరుగుటపాలో వెనక్కి పోతుంది. వీడియో అకౌంట్‌కు ముందే ఒక హద్దు పెట్టి ఉంటే ఆగేది ఆ ఒక్క అకౌంట్ మాత్రమే.

ఇక పేరు. ఎగ్జామ్స్, ఆఫీస్, డిజైనర్ అని పేర్లు పెడితే చూడడానికి బాగుంటుంది గానీ, ఆ కుర్చీలో మనిషి మారినప్పుడు పాత మనిషికీ కొత్త మనిషికీ తేడా తెలియదు. విభాగం పేరుతో పాటు మనిషి పేరు కూడా చేర్చితే లాగ్ చూడగానే విషయం తెలుస్తుంది. దీనికి డబ్బు ఖర్చు కాదు. చాలా హోస్టింగ్ ప్లాన్‌లలో కావలసినన్ని ఎఫ్‌టీపీ అకౌంట్లు తెరుచుకోవచ్చు.

గోడ ఎంత గట్టిది?

ఫోల్డర్ హద్దును నమ్మి నిశ్చింతగా ఉండేవాళ్లు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. షేర్డ్ హోస్టింగ్‌లో అదనంగా తెరిచే ఎఫ్‌టీపీ అకౌంట్లు సర్వర్ దృష్టిలో వేర్వేరు మనుషులు కావు. అవి ఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టే పేర్లు మాత్రమే. ఎక్కిన ఫైళ్లన్నీ అసలు హోస్టింగ్ అకౌంట్ పేరు మీదే నమోదవుతాయి. కాబట్టి ఎగ్జామ్స్ ఫోల్డర్‌లోకి ఎవరైనా ఒక పీహెచ్‌పీ ఫైలు ఎక్కించి, దాన్ని బ్రౌజర్‌లో తెరిస్తే, ఆ ఫైలు అసలు యజమాని అధికారంతో నడుస్తుంది. వర్డ్‌ప్రెస్ సైటయితే డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే కాన్ఫిగ్ ఫైలును కూడా చదివేస్తుంది. ఎఫ్‌టీపీ ద్వారా దాటలేని గోడను వెబ్ ద్వారా దాటినట్టు.

దీనికి మందు ఉంది. పత్రాలు మాత్రమే ఎక్కవలసిన ఫోల్డర్‌లో పీహెచ్‌పీ నడవకుండా హెచ్‌టీయాక్సెస్ ఫైలులో ఆపేయవచ్చు. వెబ్‌లో కనిపించనవసరం లేని ఫైళ్లకు పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ బయట ఫోల్డర్ ఇవ్వవచ్చు. ఫైలు ఎక్కట్లేదని ఫోన్ రాగానే ఫోల్డర్‌కు 777 అనుమతి ఇచ్చేసే అలవాటు మాత్రం మానుకోవాలి. సాధారణంగా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 సరిపోతాయి. 777 అంటే ఆ సర్వర్ మీద నడిచే ఏ ప్రోగ్రామైనా అక్కడ రాయవచ్చని అర్థం.

సొంత సర్వర్ లేదా వీపీఎస్ (వర్చువల్ సర్వర్) తీసుకున్నవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. లినక్స్‌లో ఒక్కొక్కరికీ నిజమైన యూజర్‌ను సృష్టించి, షెల్ ఇవ్వకుండా, 2008 నుంచి ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత లాగిన్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న క్రూట్ డైరెక్టరీ సదుపాయంతో ఒక ఫోల్డర్‌కు కట్టడి చేయవచ్చు. కట్టడి చేసే ఆ పై ఫోల్డర్ రూట్ పేరు మీద ఉండాలి, దాంట్లో ఇంకెవరూ రాయకూడదు. ఈ చిన్న నియమం తెలియక లాగిన్ ఎందుకు కావడం లేదో అర్థంకాని కొత్తవాళ్లు చాలామంది.

దారిలో దొంగలు

పాత ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా పోతుంది. ఇంటర్నెట్ సెంటర్‌లోనో, హాస్టల్ వైఫైలోనో మధ్యలో కూర్చున్నవాడు దాన్ని ఉన్నది ఉన్నట్టు చదవగలడు. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో ఇలాగే పాస్‌వర్డ్‌లు దొంగిలించడంతో అక్కడి తాతు యూలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ తయారుచేశారు. దానికి 22వ పోర్టు దక్కింది, ఎఫ్‌టీపీ వాడే 21కీ టెల్నెట్ వాడే 23కీ నడుమ ఖాళీగా ఉన్న నంబర్ అది. దాని మీద నడిచేదే ఎస్‌ఎఫ్‌టీపీ. పేరు దగ్గరగా ఉన్నా ఇది వేరే ప్రోటోకాల్. పాత ఎఫ్‌టీపీకే టీఎల్‌ఎస్ ముసుగు వేసిన ఎఫ్‌టీపీఎస్ మరొకటి, దాని ప్రమాణం 2005లో వచ్చింది.

ఈ రెండింటిలో ఏది వాడాలన్నది చాలామంది డిజైనర్లను తికమక పెడుతుంది. సీప్యానెల్‌లో ఎస్‌ఎఫ్‌టీపీ అసలు అకౌంట్‌కు మాత్రమే పనిచేస్తుంది. అదనపు ఎఫ్‌టీపీ అకౌంట్లకు పనిచేయదు. అందువల్ల ఎస్‌ఎఫ్‌టీపీయే సురక్షితమని విన్నవాళ్లు అందరికీ అసలు పాస్‌వర్డ్ ఇచ్చేస్తుంటారు. అది పెద్ద తప్పు. విభాగాలకు అదనపు అకౌంట్లే ఇచ్చి, ఫైల్‌జిల్లా లాంటి ఎఫ్‌టీపీ ప్రోగ్రామ్‌లో టీఎల్‌ఎస్ తప్పనిసరి అనే ఎంపిక పెట్టిస్తే పాస్‌వర్డూ దాగుతుంది, హద్దూ నిలుస్తుంది. విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో చిరునామా కొట్టి లాగిన్ అయ్యే పాత అలవాటు పనికిరాదు, దానికి ఈ ముసుగు లేదు. బ్రౌజర్లయితే ఎఫ్‌టీపీని వదిలేశాయి కూడా. ఫైర్‌ఫాక్స్ 2021 జులైలో, క్రోమ్ అదే ఏడాది అక్టోబర్‌లో దాన్ని తీసేశాయి. డెబియన్ ప్రాజెక్టు తన ప్రజా ఎఫ్‌టీపీ సేవలను 2017 నవంబర్ 1న ఆపేసింది.

దారి భద్రమైనా ఇల్లు భద్రం కావాలి కదా. ఇల్లు, అంటే మన కంప్యూటర్, భద్రంగా లేకపోతే ఏమవుతుందో 2009లో గంబ్లార్ అనే హానికర సాఫ్ట్‌వేర్ చూపించింది. ఫ్లాష్, అడోబ్ రీడర్‌లలోని లోపాల ద్వారా కంప్యూటర్‌లో దూరి, ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌లను దొంగిలించి, వాటితో ఆ కంప్యూటర్ యజమాని చూసుకునే సైట్లలోకి పోయి, అక్కడికి వచ్చే సందర్శకులకూ అంటుకునేది. ఫైల్‌జిల్లా సైతం చాలా ఏళ్లు పాస్‌వర్డ్‌లను ఏ రక్షణా లేకుండానే ఒక ఫైలులో దాచింది. మాస్టర్ పాస్‌వర్డ్ సదుపాయం వచ్చింది 2017లో. దాన్ని ఆన్ చేసుకోనివాళ్లు ఇప్పటికీ ఎంతోమంది.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ సోలార్‌విండ్స్ డౌన్‌లోడ్ సర్వర్ ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పడి ఉందని భద్రతా పరిశోధకుడు వినోత్ కుమార్ 2019 నవంబర్‌లో ఆ కంపెనీకి తెలియజేశారు. దానితో ఫైలు ఎక్కించవచ్చని చూపించారు కూడా. కంపెనీ పేరుకు 123 చేర్చితే అదే పాస్‌వర్డ్. ఆ కంపెనీ మీద 2020లో బయటపడ్డ పెద్ద దాడికి ఇదే కారణమని తేలలేదు గానీ, అమెరికా చట్టసభలో సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. తప్పు ఒక ఇంటర్న్‌దని కంపెనీ అధికారులు చెప్పారు. ఇంటర్న్‌కు ఆ సర్వర్ తాళం ఎందుకిచ్చారన్నది అంతకంటే పెద్ద ప్రశ్న.

పని వదిలి వెళ్లినవాళ్ల అకౌంట్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటికీ బెంగళూరు దగ్గర. కుప్పం అయితే బెంగళూరు రైలు మార్గం మీదే ఉంది. ఇక్కడ చదివి, ఒకటి రెండేళ్లు స్థానికంగా సైట్లు చేసి, ఉద్యోగం రాగానే బెంగళూరు వెళ్లిపోవడం మామూలే. వాళ్లు తయారుచేసిన సైట్లు, వాటి అకౌంట్లు మాత్రం ఇక్కడే ఉంటాయి. చాలా సందర్భాల్లో హోస్టింగ్ కొన్నదీ వాళ్ల ఈమెయిల్ మీదే, డొమైన్ నమోదైందీ వాళ్ల పేరు మీదే. రెన్యువల్ గడువు దాటి సైటు ఆగిపోయాక, వాళ్ల ఫోన్ నంబర్ మారిపోయాక, యజమానికి తన సైటు మీద తనకు హక్కు లేదని తెలుస్తుంది. రీసెల్లర్ హోస్టింగ్ తీసుకుని పదుల సైట్లు నడిపే డిజైనర్ల దగ్గర ఈ చిక్కు ఇంకా ఎక్కువ.

అందువల్ల సైటు కట్టించుకునే సంస్థ మొదటే కొన్ని విషయాలు ఖాయం చేసుకోవాలి. హోస్టింగ్ బిల్లు, ప్యానెల్ లాగిన్, డొమైన్ నమోదు సంస్థ ఈమెయిల్ మీదే ఉండాలి. కళాశాలలు వాడే ఏసీ డాట్ ఇన్ డొమైన్లను ఎర్నెట్ ఇండియా ఆయా సంస్థల పేరు మీదే నమోదు చేస్తుంది కాబట్టి వాళ్లకు ఒక మెట్టు సులువు. డిజైనర్‌కు అసలు పాస్‌వర్డ్ కాకుండా పని మేరకు ఎఫ్‌టీపీ అకౌంట్ ఇచ్చి, పని ముగిసిన రోజే మూసేయాలి. ఇది అనుమానం కాదు, డిజైనర్‌కూ రక్షణే. మూడేళ్ల తర్వాత ఆ సైటులో ఏదైనా జరిగితే అతని మీద నింద పడదు.

మూసేటప్పుడు తొందరపడకూడదు. సీప్యానెల్‌లో అకౌంట్‌ను మాత్రమే తీసేసే మీట ఒకటి, అకౌంట్‌తో పాటు దాని ఫోల్డర్‌లోని ఫైళ్లనూ తుడిచేసే మీట ఇంకొకటి పక్కపక్కనే కనిపిస్తాయి. రెండోది నొక్కితే పరీక్షల విభాగం ఏళ్లుగా పేర్చిన పత్రాలన్నీ పోతాయి. ముందు పాస్‌వర్డ్ మార్చి, సైటులో ఏదీ ఆగలేదని చూసుకుని, తర్వాత మొదటి మీట నొక్కడం క్షేమం. వర్డ్‌ప్రెస్ సైట్లలో కాన్ఫిగ్ ఫైలులోనే ఎఫ్‌టీపీ పేరు, పాస్‌వర్డ్ రాసి ఉంచే వీలుంది, పాత అకౌంట్ అక్కడ వాడుతుంటే ప్లగిన్లు అప్‌డేట్ కావు. అకౌంట్ మూసే సమయంలో దానితో ఎవరైనా లాగిన్ అయి ఉన్నారేమో ఎఫ్‌టీపీ సెషన్ల పేజీలో చూసి, ఉంటే తెంచేయవచ్చు.

చట్టం కూడా ఈ పనిలోకి వచ్చింది. యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడి సమాచారం దించుకుంటే 2000 నాటి ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద పరిహారం చెల్లించాలి. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు గానీ, 5 లక్షల రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగులను 180 రోజులు భద్రపరచాలి. కొన్ని హోస్టింగ్ ప్యానెళ్లలో లాగులు దాచమని టిక్కు పెట్టకపోతే పాతవి చెరిగిపోతాయి. ఒకే పాస్‌వర్డ్ పదిమంది వాడితే దాచిన లాగ్ కూడా ఏమీ చెప్పదు.

జిల్లా ప్రభుత్వ సైట్లు ఈ దారి నుంచి చాలావరకు తప్పుకున్నాయి. నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) రూపొందించిన ఎస్3వాస్ వేదిక మీదికి మారిన చోట్ల సిబ్బంది బ్రౌజర్‌లోనే లాగిన్ అయి నోటీసులు పెడతారు, సర్వర్ ఫైళ్లను ముట్టుకోరు. కళాశాలల్లో కూడా నోటీసుల వరకు వర్డ్‌ప్రెస్ యూజర్లు సరిపోతారు. సైటు రూపం మార్చడానికి, పెద్ద మొత్తంలో పత్రాలు ఎక్కించడానికి, సైటు పాడైతే బాగుచేయడానికి మాత్రం ఎఫ్‌టీపీ అకౌంట్ ఇంకా కావాలి.

సొంత సైటున్న ప్రతి కళాశాల, ఆసుపత్రి, దుకాణం యజమానీ ఈ నెలలోనే ప్యానెల్ తెరిచి ఎఫ్‌టీపీ అకౌంట్ల జాబితా చూడాలి. ఏ పేరు ఎవరిదో చెప్పలేని అకౌంట్ కనిపిస్తే ముందు దాని పాస్‌వర్డ్ మార్చి, ఎవరూ అడగకపోతే ఫైళ్లు ముట్టుకోకుండా మూసేయాలి.